చేతిరాత నోట్‌బుక్కా, అచ్చు సంకలనమా: ఏది మేలు?

18వ శతాబ్దపు ఇంగ్లీషు సెటైర్ పద్యాలకి అచ్చు సంకలనాలు పట్టుకోవాలా, అప్పటి పెద్దమనుషులు ఇంట్లో చేత్తో రాసి దాచుకున్న నోట్‌బుక్కులు చూడాలా అని చాలామంది అడుగుతున్నారు. నా ఓటు చేతిరాతకే, అలాగని అచ్చుని తీసిపారెయ్యలేం.

అచ్చులో లండన్ ప్రచురణకర్త డాడ్స్లీ వేసిన సంకలనం ఉంది, 1748లో మూడు వాల్యూములతో మొదలై 1758కల్లా ఆరయింది. పాఠం, అంటే పద్యంలోని మాటలు, శుభ్రంగా ఉంటుంది, స్కాన్లు ఫ్రీగా దొరుకుతాయి, కానీ మరీ మర్యాదగా ఉంటుంది. ఘాటైనవి వేసే సంకలనాలూ ఉన్నాయిగానీ వాటిల్లో కేసులకి భయపడి మంత్రి పేరుకి మొదటి అక్షరం, ఒక గీత, చివరి అక్షరం వేసి ఊరుకునేవాళ్లు, దాంతో పద్యంలో సగం కారం పోతుంది.

నా వరకు తేల్చేది ఈ పేర్ల సంగతే. ఇంట్లో రాసుకునేవాడికి ఆ భయం తక్కువ, పేరు పూర్తిగా రాసేస్తాడు, లేదా పక్కన మార్జిన్లో ఎవరో చెప్తాడు. కవి థామస్ గ్రే 1768లో రాజకీయ నాయకుడు లార్డ్ హాలండ్ మీద రాసిన పద్యం చూడండి. ఈ హాలండ్ ఇంగ్లండ్‌లోని కెంట్ తీరంలో కింగ్స్‌గేట్ దగ్గర కావాలని శిథిలాలు కట్టించుకున్నాడు, స్నేహితులు ద్రోహం చెయ్యకపోతే ఈయన లండన్నే నిజంగా ఇలా పాడుబెట్టేవాడని గ్రే దులిపేశాడు. అది కాపీలుగా తిరిగి తిరిగి 1769లో గ్రేని అడక్కుండానే అచ్చయింది. ఇంతకీ లార్డ్ బ్యూట్ కాక ద్రోహం చేసిన మిగతా ముగ్గురెవరు? ఒక పాఠంలో షెల్బర్న్, రిగ్బీ, కాల్‌క్రాఫ్ట్. ఇంకోదాంట్లో రిగ్బీ ఉన్నాడు, మిగతా ఇద్దరూ వేరే. అంటే పద్యం చేతులు మారేకొద్దీ తిట్టు ఎవరికి తగలాలో కూడా మారిపోయిందన్నమాట, ఒక్క అచ్చు పాఠం చదివితే ఇది కనపడదు. పైగా నోట్‌బుక్కులో ప్రధానిమీద బూతు పద్యం పక్కనే ఎవరి పెళ్లికో రాసిన నాలుగు పాదాలుంటాయి, ఆ వరస చూస్తే రాసుకున్న మనిషి తెలుస్తాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. సిరా వెనక పేజీలోకి దిగి అక్షరాలు కలిసిపోతాయి, చమత్కారం కాస్త బాగుంటే చాలు దానికి అప్పటి పేరున్న కవులు పోప్ పేరో స్విఫ్ట్ పేరో తగిలించేస్తారు, కాబట్టి కవి పేరు మాత్రం అచ్చుతో సరిచూసుకోండి. 1731 నుంచి వచ్చిన జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లోనూ పద్యాలుంటాయి, తీరికుంటే తిరగెయ్యండి.

పద్యం మొదటి పాదం కొడితే ఏ లైబ్రరీలో ఏ రాతప్రతిలో ఉందో చూపించే ఇండెక్స్ ఒకటి అమెరికాలోని ఫోల్జర్ లైబ్రరీ వాళ్లు ఆన్‌లైన్లో పెట్టారు, అక్కణ్ణుంచి మొదలెట్టండి.