మిక్సర్, యాంప్, రెండు బాక్సులు: ఏళ్ల తరబడి వాడి, విప్పి, బాగుచేసుకున్నాక

ఏ సెట్ అయినా కొన్న కొత్తలో బాగానే పలుకుతుంది. అందుకే ఇందులో సౌండ్ క్వాలిటీ గురించి పెద్దగా రాయడం లేదు. ఏళ్ల తరబడి మోసి, దుమ్ములో పెట్టి, గంటల కొద్దీ నడిపాక ఒక మైక్ సెట్‌లో ఏం పాడవుతుంది, పాడైంది ఏదో ఎంత తేలిగ్గా దొరుకుతుంది, దొరికాక బాగుచేయడం మన చేతిలో ఉంటుందా అన్నదే నాకు ముఖ్యం. నా దగ్గరున్నవి పన్నెండు చానెళ్ల అనలాగ్ మిక్సర్, లోపల పెద్ద గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న క్లాస్ ఏబీ పవర్ యాంప్, పదిహేను అంగుళాల ఊఫరూ (బేస్ పలికే స్పీకర్) పైన హారనూ (సన్నని శబ్దాలు పలికేది) ఉన్న రెండు పాసివ్, అంటే లోపల యాంప్ లేని బాక్సులు. యాంప్ లోపలే ఉండే పవర్డ్ స్పీకర్ల జత తర్వాత చేరింది. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఇలాంటి డిజైన్ ఉన్న సెట్ ఏదైనా దాదాపు ఇలాగే పాతబడుతుంది.

ఈ సెట్‌లో నాకు బాగా నచ్చింది అన్నీ విడివిడిగా ఉండటం. ఎడమ బాక్స్ పలకకపోతే యాంప్ వెనక ఇన్‌పుట్ కేబుళ్లు రెండూ అటూ ఇటూ మార్చి పెడతాను. ఇప్పుడు కుడి బాక్స్ మూగబోతే తప్పు మిక్సర్‌లోనో ఆ కేబుల్‌లోనో ఉంది. ఎడమదే మూగగా ఉంటే యాంప్‌లోనో బాక్స్‌లోనో స్పీకర్ వైర్‌లోనో ఉంది. విప్పకుండానే సగం వెతుకులాట అయిపోతుంది. స్పీకర్ వైర్లు మార్చి చూసే ముందు మాత్రం ఒక జాగ్రత్త ఉంది. యాంప్ అవుట్‌పుట్‌లో డీసీ, అంటే ఒకే దిశలో పోయే కరెంటు వస్తుంటే మొదటి బాక్స్‌లో స్పీకర్ కోన్‌ని కదిపే తీగచుట్ట (కాయిల్)ని కాల్చింది అదే అయి ఉండొచ్చు. మంచి బాక్స్ తగిలిస్తే దాన్నీ కాల్చేస్తుంది. అందుకని ముందు మల్టీమీటర్ తీయాలి. బాక్సులు ఊడదీసి, ఇన్‌పుట్ ఖాళీగా ఉంచి, అవుట్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజి చూడాలి. కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు. వోల్టుల్లో కనిపిస్తే ఆ చానెల్‌కి ఏ బాక్సూ తగిలించకూడదు. తేడా వస్తే బాక్సుల్ని యాంప్ నుంచి వేరుచేసే స్విచ్చి ఒకటుంటుంది, అదే ప్రొటెక్షన్ రిలే. అది పడకుండా ఆగిపోయిన యాంప్‌లో టెర్మినల్ దగ్గర సున్నానే చూపిస్తుంది కాబట్టి రిలేకి ముందు కొలవాలి.

నిజం చెప్పాలంటే అంతవరకూ వెళ్లాల్సిన అవసరం తక్కువే వస్తుంది. ఇన్నేళ్లలో నాకు వచ్చిన ఫాల్టుల్లో ఎక్కువ భాగం కేబుళ్లు, జాక్‌లు, కాంటాక్టులవే. ఐసీలు, ట్రాన్సిస్టర్ల వంతు ఆ తర్వాతే. మైకులకి వాడే ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్‌కి చూడాల్సింది మూడు తీగలే: ఒకటో పిన్ షీల్డ్, రెండు హాట్, మూడు కోల్డ్ (సిగ్నల్‌ని మోసేవి ఈ రెండే). రెండు చివర్లకూ మీటర్ పెట్టి, బీప్ వస్తుండగా కేబుల్‌ని కనెక్టర్ దగ్గర వంచి చూస్తే తెగిన తీగ దొరికిపోతుంది. రెండు, మూడు పిన్నుల్లో ఒకటి తెగినా శబ్దం పూర్తిగా ఆగకపోవచ్చు. సన్నబడి, హమ్‌తో కలిసి వస్తుంది. అలా విన్నప్పుడు మిక్సర్ మీద అనుమానపడే ముందు కేబుల్ మార్చాలి.

మిక్సర్ విషయంలో నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. సర్క్యూట్ గట్టిది. జాక్‌లు, ఫేడర్లు (వాల్యూమ్ కోసం పైకీ కిందికీ జరిపే మీటలు) మాత్రం అంత గట్టివి కావు. మొదట ఇబ్బంది పెట్టినవి ఇన్సర్ట్ జాక్‌లు, అంటే చానెల్ మధ్యలో బయటి పరికరాన్ని కలపడానికి ఉండేవి. వాటిలో ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ జాక్ లోపలి స్ప్రింగ్ కాంటాక్టు మీదుగా పోతుంది. ఎవరూ వాడని జాక్ కదా అని వదిలేస్తే ఆ కాంటాక్టుకి చిలుము పడుతుంది. చానెల్ సన్నగా పలుకుతుంది, లేదా గట్టిగా అరిస్తే తప్ప రాదు. ఖాళీ ప్లగ్ ఒకటి అందులో నాలుగైదు సార్లు గుచ్చి తీస్తే చానెల్ తిరిగి వస్తుంది. చచ్చిపోయిందనుకున్న చానెల్ దీనితోనే లేచింది. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా ప్లగ్‌కి రాసి గుచ్చితే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఫేడర్ల గరగరకి మాత్రం ఫేడర్ల కోసమే చేసిన క్లీనర్ వాడాలి. తుప్పు వదిలించే మామూలు స్ప్రే కొట్టొద్దు. అది ట్రాక్ మీద ఉన్న గ్రీజుని కడిగేస్తుంది, స్ప్రే మిగిల్చిన జిడ్డుకి దుమ్ము అంటుకుంటుంది, కొన్నాళ్లకి ముందుకంటే ఎక్కువ గరగరలాడుతుంది. క్లీన్ చేశాక కూడా ఒకే చోట శబ్దం తెగిపోతుంటే అక్కడ కార్బన్ ట్రాక్ అరిగిపోయిందని అర్థం. ఇక ఫేడర్ మార్చాల్సిందే. కొనేటప్పుడే విడి ఫేడర్లు దొరికే మోడలా కాదా అని చూసుకోవాలి.

ఈ మిక్సర్‌లో నాకు నచ్చని సంగతి ఒకటే, అది చిన్నదేమీ కాదు. పన్నెండు చానెళ్లూ ఒకే పెద్ద బోర్డు మీద ఉన్నాయి. ఒక్క జాక్ డ్రై సోల్డర్ (పగిలి వదులైన అతుకు) సరిచేయాలన్నా పైనున్న నాబ్‌లన్నీ పీకి, నట్లన్నీ విప్పి, మొత్తం బోర్డు బయటికి లాగాలి. ఒక్కో చానెల్‌కి ఒక్కో కార్డు ఉండే పెద్ద కన్సోల్ విప్పినవాళ్లకి ఈ తేడా ఎంతటిదో తెలుసు. ఇంత శ్రమ పడి బోర్డు తీశాక ఒక్క జాక్ దగ్గర ఆగకుండా, అన్ని జాక్‌ల కాళ్లకీ కొత్త సోల్డర్ వేసేయడం నా అలవాటు. ప్లగ్ లాగినప్పుడల్లా బరువు ఆ సోల్డర్ మీదే పడుతుంది. కాలి చుట్టూ సన్నని ఉంగరంలా పగులు కనిపిస్తే అదే ఫాల్టు.

ఒక చానెల్ పోతే ఆ చానెల్‌లో వెతకాలి. అన్ని చానెళ్లూ ఒకేసారి చెడితే పవర్ సప్లై చూడాలి. నా మిక్సర్‌లో ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు, కండెన్సర్ మైకులకి 48 వోల్టులు. ఈ మూడూ కొలిస్తే చాలు. ప్లస్, మైనస్ సప్లైల్లో ఏ ఒక్కటి పోయినా మిక్సర్ పూర్తిగా ఆగకుండా, మీటర్ లైట్లు వెలుగుతూనే, పగిలిన శబ్దం ఇవ్వగలదు. లైట్లు వెలుగుతున్నాయి కదా సప్లై బాగుంది అనుకోవడానికి లేదు.

హమ్‌ని చెవితోనే రెండు రకాలుగా విడదీయొచ్చు. లోతుగా, మెత్తగా ఉండేది కరెంటు ఫ్రీక్వెన్సీది, అంటే 50 లేదా 60 హెర్ట్జ్. సాధారణంగా అది గ్రౌండ్ లూప్ వల్ల, అంటే పరికరాల మధ్య ఎర్త్ ఒకటికి మించి దారుల్లో కలవడం వల్ల వస్తుంది. కొంచెం పైస్థాయిలో బర్రుమనేది దానికి రెట్టింపు, 100 లేదా 120 హెర్ట్జ్. అది యాంప్ లోపల సప్లైని సాఫీ చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోతున్నాయని చెబుతుంది. మొదటిదానికి మిక్సర్నీ యాంప్‌నీ ఒకే పవర్ స్ట్రిప్ మీద పెట్టడం, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (ఎక్స్‌ఎల్ఆర్ లాగా హాట్, కోల్డ్ విడిగా ఉన్నవి) వాడటం, అప్పటికీ పోకపోతే సిగ్నల్ కేబుల్ మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం దారి. ఎర్త్ పిన్ విరిచేస్తే హమ్ పోతుందని చాలామంది చెబుతారు. దయచేసి ఎప్పుడూ అలా చేయకండి. లోపల లీకేజీ వచ్చిన రోజున కరెంటు మైకు పట్టుకున్న మనిషిలోంచి పోతుంది.

ఇక యాంప్. బరువు ఎక్కువ, ఫ్యాన్ చప్పుడు ఉంది, అయినా మొత్తం సెట్‌లో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. విప్పితే అన్నీ చేతికి అందుతాయి, పార్టుల మీద నంబర్లు చదవొచ్చు. దీనికి వచ్చిన ఫాల్టుల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. తక్కువ వాల్యూమ్‌లో ఒక పక్క పలకదు లేదా చీరుకుపోతుంది. ఒక్క క్షణం గట్టిగా పెంచితే శుభ్రంగా వస్తుంది, మళ్లీ తగ్గిస్తే కాసేపటికి పోతుంది. ఇలా చేస్తే అనుమానించాల్సింది స్పీకర్ రిలేని, అంటే ముందు చెప్పిన ప్రొటెక్షన్ రిలేనే. దాని కాంటాక్టులు నల్లబడి ఉంటాయి, చిన్న సిగ్నల్ వాటిని దాటలేదు. గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ పైపూత పోయి త్వరగా కాలుతుంది. అదే కాయిల్ వోల్టేజి, అదే ఆంపియర్ల రిలే కొత్తది వేయడం మేలు.

ఫ్యూజ్ కొట్టేసిన యాంప్‌కి కొత్త ఫ్యూజ్ వేసి నేరుగా ఆన్ చేయడం నేను ఒప్పుకోను. కరెంటు లైన్‌లో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే కెపాసిటర్లు నిండాయి, షార్ట్ లేదు. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్ట్ ఉంది, కానీ బల్బు ఆపుతోంది కాబట్టి మిగిలిన పార్టులు కాలవు. విప్పే ముందు ప్లగ్ తీసేసి, ఫిల్టర్ కెపాసిటర్లని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా అని చూసుకున్నాకే చేయి పెట్టాలి. స్విచ్ ఆపినా వాటిలో కరెంటు నిలిచే ఉంటుంది.

షార్ట్ అయిన అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒక్కటే మార్చి వదిలేస్తే మళ్లీ పోతుంది. దాని వెనక డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, పక్కనున్న చిన్న ఎమిటర్ రెసిస్టర్లు కూడా చూడాలి. 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 అనే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జత చాలా యాంపుల్లో కనిపిస్తుంది, నకిలీలు కూడా వాటిలోనే ఎక్కువ. నమ్మకమైన చోట తప్ప కొనొద్దు. నకిలీ ట్రాన్సిస్టర్ నెమ్మదిగా వాయిస్తే బాగానే ఉంటుంది, ఫుల్ లోడ్ పడ్డాక పేలుతుంది.

బాక్సుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, అదే వాటి గొప్ప. ఎనిమిది ఓమ్‌ల ఊఫర్ మీటర్‌లో ఆరు ఓమ్‌ల దగ్గర చూపిస్తే బాగున్నట్టే. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. కోన్‌ని నాలుగు వేళ్లతో సమానంగా, మెల్లగా నొక్కితే గీరుకున్న చప్పుడు వస్తే కాయిల్ రుద్దుకుంటోంది. రెండు బాక్సులూ పలుకుతున్నా బేస్ మాయమైతే ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారై ఉంటుంది. హారన్ డయాఫ్రమ్‌లు (శబ్దం పుట్టించే పల్చటి పొరలు) మాత్రం రెండువైపులా మార్చాల్సి వచ్చింది. యాంప్ తన శక్తి మించిందని చెప్పే క్లిప్ లైట్ వెలుగుతున్నా ఇంకా పెంచుతూ పోయే వాడకం వాటిని చంపుతుంది. నాలుగు స్క్రూలు విప్పి డయాఫ్రమ్ మార్చే డిజైన్ కాబట్టి పని తేలిగ్గానే అయింది.

పవర్డ్ స్పీకర్ల జతకి ఆ సౌకర్యం లేదు. తేలికగా ఉంటాయి, శబ్దం బాగుంటుంది, మోయడానికి నేను వాటినే తీసుకెళ్తాను. కానీ యాంపూ పవర్ సప్లైయీ ఒకే చిన్న బోర్డు మీద, కంటికి ఆనని పార్టులతో ఉంటాయి. అందులో ఒకటి చచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ మొత్తం మాడ్యూల్ మార్చాలంది. ఫాల్టు ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కొత్తగా కొనాల్సి వస్తే వాటికీ నో చెప్పను గానీ, సర్క్యూట్ డయాగ్రం దొరుకుతుందా, మాడ్యూల్ విడిగా అమ్ముతారా, ఎన్నేళ్ల వరకు ఇస్తారు అని ముందే అడిగి, కాగితం మీద రాయించుకుంటాను.