ట్రెక్కింగ్ గిన్నె కోసం వన్‌టౌన్ పాత్రల కొట్లు

కొండపల్లి వైపు ఓ రాత్రి టెంటుకైనా, అరకులో రెండు రోజుల నడకకైనా ఆన్‌లైన్ క్యాంపింగ్ సెట్టే కొనక్కర్లేదు. విజయవాడ వన్‌టౌన్ పాత్రల కొట్లలో దొరికే మూతున్న అల్యూమినియం గిన్నె ఇద్దరికి చాలు. లీటరుంబావు పట్టేది అడగండి. పైన రెండు వేళ్ల ఖాళీ లేకపోతే మ్యాగీ పొంగి బర్నర్ ఆరిపోతుంది. లోపలి వెడల్పు 12 సెంటీమీటర్లకు తగ్గకూడదు. 230 గ్రాముల గ్యాస్ డబ్బా వెడల్పు 11 దాకా ఉంటుంది, బ్యాగు సర్దేటప్పుడు అది గిన్నెలోనే కూర్చోవాలి.

కాడ ఉన్నది వద్దు, పట్టకారు విడిగా తీసుకోండి. కొనేముందు అంచును రెండు బొటనవేళ్లతో నొక్కి చూడండి. గుండ్రం చెదిరితే పక్కన పెట్టేయండి, బ్యాగులో ఓసారి నలిగాక మూత పట్టదు.

పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది. చారు, టమాటా పప్పు మానలేనివాళ్లకి హార్డ్ అనోడైజ్డ్ (పైపొరను గట్టిపరిచిన అల్యూమినియం) మేలు, ధర ఎక్కువైనా.

స్టీలు గట్టిదే, కానీ వేడిని అల్యూమినియంలో పదో వంతు కూడా పాకనివ్వదు. చిన్న బర్నర్ మీద ఉప్మా నడిమధ్య మాడి, అంచుల్లో పచ్చిగా ఉంటుంది. నీళ్లు కాచుకోవడానికైతే భేష్. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి ఇది మేలైన 304 రకం స్టీలు అని కొట్టువాళ్లు చెబితే తలూపకండి, చవకైన 202కీ అంటుకోదు.

టైటానియం జోలికి ఇప్పుడే వెళ్లకండి: తేలికే, కానీ అన్నం అడుగంటుతుంది, జేబూ మాడుతుంది.