కారు ఎక్కడ పడుకుంటుందని అడిగి గది తీసుకున్న ప్రయాణం

ఐదు రోజుల ప్రయాణం, నాలుగు రాత్రుల బస. కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయా అని చూసి మార్కులు వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈసారి నేను వేసిన మార్కుల లెక్క వేరు. రాత్రి మంచం మీద కూర్చుని, కింద ఎక్కడో ఆపిన కారులోని డాష్‌క్యామ్‌ను (అద్దం వెనక కూర్చుని దారిని రికార్డు చేసే కెమెరాను) నిద్రలేపి, ఆ రోజు తీసిన వీడియోలను వైఫై మీద గదిలోకి తెచ్చుకోగలిగానా లేదా అన్నదే ఆ లెక్క.

తోడుగా తమ్ముడు వచ్చాడు. "కిందికి వెళ్లి కార్డు తీసుకొస్తే ఐదు నిమిషాల పని కదా అన్నయ్యా" అని మొదటి రోజే అనేశాడు. నిజమే. కానీ వేలిగోరంత మెమరీ కార్డును చీకట్లో బయటికి లాగబోయి సీటు పట్టాల సందులో పడేసుకున్న చరిత్ర నాకుంది. పైగా కార్డు నా జేబులో ఉన్నంతసేపూ కారుకు కాపలా ఉండదు. ఎవరైనా గుద్ది వెళ్లేది సరిగ్గా ఆ వేళలోనే అని నా నమ్మకం.

నా ఏర్పాటు గురించి కాస్త చెప్పాలి. కారు ఆపినా కెమెరా పూర్తిగా ఆగిపోదు. పార్కింగ్ మోడ్‌లో కునుకు తీస్తూ ఉంటుంది, కుదుపు తగిలితే కళ్లు తెరిచి కాసేపు రికార్డు చేస్తుంది. బ్యాటరీ ఆదా కోసం ఆ కునుకులో వైఫై ఆగిపోతుంది. సొంత సిమ్ ఉన్న కెమెరాలైతే ఫోను నుంచి పిలిస్తే లేస్తాయి. కొన్ని బ్లూటూత్‌తో లేస్తాయి, అయితే పక్కనే ఉండాలి. నాది ఆ రెండూ లేని పాతకాలపు రకం. అందుకని వైరింగ్ మీద పడ్డాను. కెమెరాకు కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే కిట్‌లో మూడు తీగలు: పసుపుది ఎప్పుడూ కరెంటు ఇచ్చేది, ఎరుపుది తాళం తిప్పినప్పుడు మాత్రమే ఇచ్చేది, నలుపుది ఎర్తు. ఎర్ర తీగకు ఒక చిన్న రిలే, అంటే దూరం నుంచి కలిపే స్విచ్చి తగిలించి, దాన్ని నడిపే సిమ్ వేసిన సర్క్యూట్ బోర్డును గ్లవ్ బాక్సులో పెట్టాను. ఫోను నుంచి సందేశం పంపితే రిలే టక్కున కలుస్తుంది. కారు స్టార్టయిందనుకుని కెమెరా లేస్తుంది, గదిలో ఉన్న నా జేబు రౌటర్‌ను వెతుక్కుంటుంది. నలభై నిమిషాలు గడిస్తే రిలే తనంతట తానే విడిపోతుంది. ఈ నలభై నిమిషాల సంగతి గుర్తుంచుకోండి.

మొదటి రాత్రి నగరం నడిబొడ్డున పెద్ద హోటల్. గది ఏడో అంతస్తులో, కారు సెల్లారులో, అదీ రెండో సెల్లారులో. మధ్యలో తొమ్మిది కాంక్రీటు శ్లాబులు. రౌటర్ సంగతి దేవుడెరుగు, కింద సిగ్నలే లేదు. నేను పంపిన సందేశం బోర్డుకు చేరితే కదా రిలే కలిసేది! రిసెప్షన్‌లో అడిగితే సెల్లారులో కూడా హోటల్ వైఫై వస్తుందని గర్వంగా చెప్పారు. వచ్చింది కూడా. కిందికి దిగి, కెమెరాను చేత్తో లేపి ఆ వైఫైకి కలిపాను. కలిసింది, కానీ ఒక్క ఫైలూ కదల్లేదు. గది నంబరు, ఇంటిపేరు కొడితే గానీ తలుపు తెరవని లాగిన్ పేజీ అది. కెమెరాకు బ్రౌజర్ ఎక్కడిది? పోనీ లాగిన్ దాటినా లాభం లేదు. అతిథుల పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఇలాంటి నెట్‌వర్కుల్లో అడ్డుగోడ కడతారు. మన భద్రత కోసమే కాబట్టి తప్పు పట్టలేను. కానీ నా ల్యాప్‌టాప్ ఏడో అంతస్తులో, నా కెమెరా సెల్లారులో, ఒకే వైఫైలో ఉండి కూడా ఒకదానికొకటి పరాయివే. గది బాగుంది, మంచం మెత్తగా ఉంది. నా పనికి మాత్రం సున్నా మార్కులు.

రెండో రాత్రి దిగింది అడవి దారి చివర, నాలుగు గదుల పాత బసలో. వాకిలే పార్కింగ్. మా గది మొదటి అంతస్తులో, కారు సరిగ్గా కిటికీ కింద. పైనుంచి చూస్తే విండ్‌షీల్డ్ వెనక కెమెరా కన్ను కనిపిస్తోంది. సందేశం పంపాను. అర నిమిషంలో కెమెరా తెర నీలంగా వెలిగింది, రౌటర్ జాబితాలో దాని పేరు వచ్చింది. అంత సంబరం చాలా రోజుల తర్వాత.

తెర వెలగడం చూసి బస యజమాని కింద నుంచే కేకేశారు: "సార్, మీ కారులో ఎవరైనా ఉన్నారా?" దిగి వెళ్లి విషయం చెప్పాను. ఆయన మొదట అడిగింది వీడియో గురించి కాదు, వాకిట్లో కూర్చునేవాళ్ల మాటలు కూడా అందులో పడతాయా అని. న్యాయమైన ప్రశ్న. మైకు ఆపేసి ఆయనకు చూపించాను. ఇది నేనే ముందుగా చేయాల్సిన పని.

ముందు లాకైన ఫైళ్లు తెచ్చాను. కుదుపు తగిలినప్పుడు చెరిగిపోకుండా కెమెరా దాచిపెట్టేవి ఇవే. మొత్తం పద్నాలుగు. తెరిచి చూస్తే అందులో పదకొండు మేము డిక్కీ దబాలున మూసినవి! సామాను ఎత్తుతున్న తమ్ముడి వీపు, ఎవరో గూఢచారిని పట్టుకున్నంత స్పష్టంగా.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆశ పుట్టింది. నా కారుకు ముందొకటి, వెనకొకటి కెమెరాలు. ముందుది 4కె, సెకనుకు 30 మెగాబిట్ల వేగంతో రాస్తుంది. అంటే నిమిషానికి 225 మెగాబైట్లు, గంటకు పదమూడున్నర గిగాబైట్లు. ఆ రోజు ఏడు గంటలు నడిపాం కాబట్టి దాదాపు 95 గిగాబైట్లు. కిటికీ కిందే కారు ఉండటంతో వైఫైలో వేగమైన 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్‌లో సెకనుకు పది మెగాబైట్ల దాకా వస్తోంది. ఆ లెక్కన రెండు గంటల నలభై నిమిషాలు. అడవి దారి మొత్తం దాచుకోవచ్చు కదా అని నలభై నిమిషాల హద్దు తీసేసి, కాపీ పెట్టి పడుకున్నాను.

పొద్దున తాళం తిప్పితే ఇంజిన్ మూలిగి ఊరుకుంది. మల్టీమీటర్ పెడితే 11.7 వోల్టులు. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిలకడ మీద 12.6 దాకా చూపిస్తుంది. 11.7 అంటే దాదాపు ఖాళీ. కాపీ అర్ధరాత్రికే ముగిసినా, హద్దు తీసేశాను కాబట్టి కెమెరా తెల్లవార్లూ మేలుకునే ఉంది. బ్యాటరీ పడిపోతే ఆపేసే కటాఫ్ కిట్‌లో ఉంది కదా అని నా ధీమా. 12.0 దగ్గర ఆపమని దాన్ని నేనే పెట్టాను. అయితే ఆ కటాఫ్ పార్కింగ్ మోడ్‌లోనే పని చేస్తుంది. ఎర్ర తీగలో కరెంటు ఉన్నంతసేపూ ఇంజిన్ నడుస్తోందనే ఆ కిట్ డబ్బా నమ్మకం. దాన్ని ఆ నమ్మకంలోకి నెట్టింది నేనే. రెండు కెమెరాలూ వైఫై కలిపి ఎనిమిది వాట్లు అనుకున్నా, పది గంటలకు ఏడు ఆంపియర్ గంటల లోపే. కొత్త బ్యాటరీ దీన్ని లెక్క చేయదు. నాది నాలుగేళ్లది.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. నిద్రలేచిన కెమెరా ఊరికే కూర్చోదు, ఎదురుగా ఏది ఉంటే అది రికార్డు చేస్తుంది. మాకు ఎదురుగా ఉన్నది సున్నం కొట్టిన గోడ. పది గంటల గోడ! ముందు వెనక కెమెరాలు కలిపితే గంటకు ఇరవై గిగాబైట్లు, నా 256 గిగాబైట్ల కార్డులో పట్టేది పన్నెండు గంటల చిల్లర. గోడకు చోటివ్వడానికి పాత ఫైళ్లు చెరిగిపోయాయి. ముందు కెమెరావి నా దగ్గరకు చేరాయి. వెనక కెమెరాలోని అడవి మాత్రం చాలావరకు పోయింది. లేపగానే ముందు రికార్డింగ్ ఆపమని ఆదేశం పంపి, ఆ తర్వాతే కాపీ మొదలుపెట్టాలని అప్పుడు తెలిసింది.

బస యజమాని జంపర్ కేబుళ్లు తెచ్చి తన బండి పక్కన నిలిపారు. ఎర్ర కొక్కేలు రెండు పాజిటివ్‌లకు, నల్లది ఒకటి తన బ్యాటరీ నెగటివ్‌కు. చివరిది మా బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీద రంగులేని ఇనుప ముక్కకు. నిప్పురవ్వ లేస్తే బ్యాటరీకి దూరంగా లేవాలట. ఆ పద్ధతి చూసి ఆయన మీద గౌరవం పెరిగింది. నాలుగు బసల్లో మొదటి మార్కు దీనికే. తప్పంతా నాది.

మూడో రాత్రి కొండ మీద. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కారు కింది రోడ్డు మీద, గది డెబ్బై మెట్ల పైన. సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. తొమ్మిదింటికి పంపిన సందేశం బోర్డుకు చేరేసరికి పది దాటింది. నేను పళ్లు తోముకుని పడుకున్నాక కారు లేచి, పిలిచినవాడు కనిపించక, నలభై నిమిషాలు ఎదురుచూసి మళ్లీ పడుకుంది. (హద్దు మళ్లీ పెట్టేశాను, ఒట్టు.) పొద్దున్నే ల్యాప్‌టాప్ తీసుకుని కింది మెట్టు మీద కూర్చుని లాకైన ఫైళ్లు దింపుకున్నాను. చలి, పొగమంచు, మోకాళ్ల మీద ల్యాప్‌టాప్. కార్డు తీసుకురావడమే నయం అని తమ్ముడు అనలేదు, చూసి నవ్వాడంతే.

టెస్లా కార్ల వాళ్లది ఇదే బాధ, ఇంకో రూపంలో. ఆ కార్లు వీడియోలను యూఎస్‌బీ డ్రైవ్‌లో రాస్తాయి. కొందరు అక్కడ రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ తగిలిస్తారు. కారుకు అది మామూలు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఇల్లు చేరగానే లోపలి ఫైళ్లను వైఫైతో ఇంటి సర్వర్‌కు పంపేస్తుంది. చిక్కల్లా కారు నిద్రపోతే యూఎస్‌బీకి కరెంటు ఆగిపోవడం. అందుకే కాపీ అయ్యేదాకా సెంట్రీ మోడ్ (ఆపిన కారుకు కెమెరాలతో కాపలా కాసే ఏర్పాటు) పెట్టి కారును మేలుకొలిపి ఉంచుతారు. వాళ్ల బ్యాటరీ పెద్దది కాబట్టి పొద్దున్నే కేబుళ్లు వెతుక్కోనక్కరలేదు. కాస్త అసూయే.

నాలుగో రాత్రి సముద్రం ఒడ్డున. ఫోనులో గది మాట్లాడుకునేటప్పుడే "కారు ఎక్కడ పడుకుంటుందండీ?" అని అడిగాను. అవతలి వ్యక్తి కాసేపు మౌనంగా ఉండి, గదులకు ఎదురుగా ఇసుక మైదానం ఉందన్నారు. మా గుమ్మం నుంచి ఇరవై ఐదు అడుగులు, మధ్యలో గోడ లేదు. ఒకే లోపం ఉప్పు గాలి. సాయంత్రానికే అద్దం మీద సన్నటి పొర కట్టింది. పగలు తెలియదు గానీ, రాత్రి ఎదురు లైటు పడితే తెర మొత్తం తెల్లబడుతుంది. పడుకునే ముందు కెమెరా ఎదుటి అద్దాన్ని లోపలా బయటా తుడిచాను.

పదకొండింటికి బయట చిన్న చప్పుడు. ఇసుకలో కారు తిరుగుతున్న మోత, తర్వాత నిశ్శబ్దం. తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. టార్చి వేస్తే మా ముందు బంపర్ మూల మీద మూడు వేళ్ల వెడల్పున తెల్లటి గీత. కెమెరాను లేపి, రికార్డింగ్ ఆపి, లాకైన చివరి ఫైలు అడిగాను. ముందుగా వచ్చింది ఫోనులో చూసేందుకు కెమెరా తయారుచేసే చిన్న నకలు. క్షణంలో దిగింది. తెల్ల కారు వెనక్కి రావడం, మా బంపర్ కదలడం, అది ముందుకు పోవడం, అన్నీ ఉన్నాయి. నంబరు ప్లేటు మాత్రం వెలుగు ముద్ద.

అసలు ఫైలు కావాల్సిందే. నిమిషం నిడివి, 225 మెగాబైట్లు. ఆ రాత్రి ఎందుకో 5 గిగాహెర్ట్‌జ్ నిలవలేదు. నెమ్మదైన 2.4 బ్యాండ్‌లో సెకనుకు మూడు మెగాబైట్లు. అంటే నిమిషం వీడియోకు దాదాపు నిమిషంబావు. ఆ కాసేపూ తమ్ముడూ నేనూ ఆ నీలం గీత జరగడమే చూస్తూ కూర్చున్నాం. వచ్చాక ఒక్కో ఫ్రేము జరుపుకుంటూ పోతే, ఆ కారు బ్రేకు వదిలిన క్షణంలో ఎర్ర వెలుగు తగ్గి, రెండే రెండు ఫ్రేముల్లో నంబరు పూర్తిగా చదవడానికి వచ్చింది.

బస మేనేజరుకు చూపించాను. వాళ్ల సొంత కెమెరా గేటు వైపే చూస్తుందట, మైదానం అందులో పడదట. ఆయన ఫోను తీసుకుని రెండుసార్లు చూసి, రిజిస్టరు తిరగేసి, చివరి గది తలుపు తట్టారు. అక్కడున్నాయన లుంగీలా చుట్టిన టవలుతోనే బయటికి వచ్చి, నా వీడియో చూసి, "చప్పుడైంది గానీ రాయి అనుకున్నానండి" అన్నారు. ఆ రెండు ఫ్రేములు చూశాక రాయి మాట మళ్లీ ఎత్తలేదు. పొద్దున్నే తన బీమా వివరాలు రాసిచ్చారు.

ఆ రాత్రి గదిలోకి వచ్చే ముందు బ్యాటరీకి మీటరు పెట్టి చూస్తే 12.3. రిలే విడిపోయేందుకు ఇంకా పదకొండు నిమిషాలుంది. నేనే ముందుగా ఆపేశాను.