ట్రాలీల షెడ్డుల రేసు సైడ్‌కార్ ఛాసిస్ కట్టిస్తే ఎట్లుంటదంటే

వరంగల్ ఆటోనగర్ దిక్కు ట్రాక్టర్ ట్రాలీలు, కేజ్‌వీల్స్ (పొలంల దమ్ము చేసేటందుకు ట్రాక్టర్‌కు పెట్టే ఇనుప చక్రాలు) చేసే షెడ్డు ఒకటున్నది, బోర్డు గిట్ల ఏం లేదు, ఉన్నా పేరు రాయకపోదును ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నయ్. మా బావ, నేను కలిసి పాత బుల్లెట్ 350 ఇంజన్‌తోటి క్లాసిక్ రేసు స్టైల్ల సైడ్‌కార్ ఛాసిస్ అక్కడ కట్టించినం. ముందే చెప్తున్న, కొలతలకు, వెల్డింగుకు 5కు 5 ఇస్త, బుష్షుల (కదిలే జాయింట్లల దూర్చే లోహపు గొట్టాలు) పనికి 2, టైముకైతే 1 కూడా ఎక్కువే.

బుల్లెట్‌కు పక్కన తొట్టి బిగిస్తే సైడ్‌కారే కదా, వేరే ఛాసిస్ ఎందుకు అని అందరు అడుగుతున్నరు. రెండు చక్రాల బండి మలుపుల వొంగుతది కాబట్టి బరువు ఫ్రేమ్ మీద నిలువునే పడతది. మూడో చక్రం పెట్టినమంటే ఇగ వొంగుడు లేదు, మలుపు జోరంతా అడ్డం వచ్చి హెడ్ పైపు (హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం) మీద, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) మీద, స్పోకుల మీద గుద్దుతది. పాత బుల్లెట్ ఫ్రేముకైతే ముందు పైపు ఇంజన్ కాడికొచ్చి ఆగిపోతది, కింద పైపే ఉండదు, ఇంజనే ఫ్రేముల ఒక భాగం. రోడ్డు మీద నిమ్మళంగ పోయేటోళ్లకు నడుస్తది గానీ రేసుకు ఆగదు.

ఎత్తు ఇంకో తలనొప్పి, బరువు పైన ఉంటే మలుపుల బండి పల్టీ కొడతది. సైడ్‌కార్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ 1949ల మొదలైతే ఫస్టు టైటిల్ ఎరిక్ ఆలివర్ నార్టన్ బైకు మీద కొట్టిండు, కానీ 1954 నుంచి 1974 దాక చూస్తే అంతా బీఎండబ్ల్యూ రాజ్యమే, 1968ల, 1971ల మాత్రం యూఆర్ఎస్ అనే వేరే ఇంజన్ గెలిచింది. బీఎండబ్ల్యూ సిలిండర్లు రెండు దిక్కులా అడ్డం పండుకొని ఉంటయ్, బరువంతా నేలకు దగ్గర. మన బుల్లెట్‌కు సిలిండర్ వెడల్పు (బోరు) 70 ఎం.ఎం., పిస్టన్ ఎక్కిదిగే దూరం (స్ట్రోకు) 90 ఎం.ఎం., నిటారుగ నిలబడే ఇంజన్. అందుకే బావ దాన్ని వీలైనంత కిందికి దించి, రైడర్ మోకాళ్ల మీద కూసోని నడిపే నీలర్ డిజైన్ గీసిండు, మూడింటికీ మారుతి 800 12 ఇంచుల రిమ్ములు. 60ల చివర్ల ఆ రేసులోళ్లు కూడా చిన్న చక్రాలకు, కారు టైర్లకే వచ్చిన్రు, బండి వొంగనప్పుడు గుండ్రటి బైకు టైరుతోటి పనేం ఉంది.

ఇగ షెడ్డు సంగతి. ఉస్తాద్‌కు రేసు గురించి ఏం తెల్వదు, "దీంట్ల ఎన్ని బస్తాలు పడతయ్ సారు" అని అడిగిండు నిజంగనే. కానీ కొలత దగ్గర ఆయనను మించినోడు లేడు. రెండు ఐ బీములు కింద పరిచి, మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతోటి లెవెల్ చూసి, దాని మీద జిగ్ (పైపులను కదలకుండ పట్టే చట్రం) కట్టిండు. హెడ్ పైపుల ఒక లావు షాఫ్ట్ దూర్చి, పైనుంచి గుండు దారం వేలాడదీసి, వెనక ఇరుసు మధ్యల గీత తోటి కలుస్తుందా అని ఒక కన్ను మూసి చూస్తడు, కలవకుంటే మాట్లాడకుండ మళ్ల విప్పుతడు. పైపు మూతి కోసేటప్పుడు పేపర్ చుట్టి, చాక్‌పీస్‌తోటి వంపు గీసి, గ్రైండర్ పట్టి అరగదీస్తడు, రెండు పైపులు ఆనిస్తే మధ్యల బ్లేడు కూడా దూరదు. పైపు 32 ఎం.ఎం., 2.5 మందం, సీమ్‌లెస్ (బిల్లు చూపించమని అడగండి, లేకుంటే అతుకు పైపు అంటగడతరు). మొత్తం టాకాలు (చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు) వేసినంకనే అసలు వెల్డింగ్, అది కూడా ఈ మూల కొంచెం, ఆ ఎదురు మూల కొంచెం, చల్లారినంక మళ్ల దారం. ఎందుకింత అంటే వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకొని పైపును తన దిక్కు గుంజుతది, ఒకటే దిక్కు కొట్టుకుంట పోతే హెడ్ పైపు వంకర పోతది. 1950ల వచ్చిన నార్టన్ ఫెదర్‌బెడ్ అనే రేసు ఫ్రేముకు పల్చటి రెనాల్డ్స్ 531 అనే గట్టి స్టీలు పైపు, అతుకుకు బ్రాంజ్ రాడ్డు వాడిన్రు, మనకు ఆ పైపు దొరకదు కాబట్టి మందం పెంచి టిగ్ (గ్యాస్ అడ్డం పెట్టి సన్నగ చేసే) వెల్డింగ్ కొట్టించినం.

తిట్లకొస్తే, ముందు దిక్కు టెలిస్కోపిక్ ఫోర్క్ (మామూలు బైకుల లెక్క గొట్టాలు లోపలికి జారేది) తీసేసి లీడింగ్ లింక్ (చక్రాన్ని ముందుకు చాపిన చేతుల మీద పట్టేది) పెట్టించినం, అడ్డం బలానికి మామూలు ఫోర్క్ మెలి తిరుగుతది, పైగా బైకు ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటికి, టైరు నేలను తాకే చోటికి మధ్య దూరం) 90–100 ఎం.ఎం. అట్లనే ఉంచితే మూడు చక్రాల మీద హ్యాండిల్ తిప్పుతుంటే భుజాలు ఊడతయ్. ట్రెయిల్ సగం కంటే తక్కువకు తెచ్చినం. ఆ లింక్ బుష్షులు ఆయన సుత్తె పెట్టి కొట్టి దించిండు, రీమర్ (రంధ్రాన్ని సరిగ్గ సైజుకు నునుపు చేసే పనిముట్టు) లేదు షెడ్డుల. ఇరుసు కాడ పట్టి ఊపితే టకటక అంటుంది. "ట్రాలీకైతే ఇది లెక్కలకే రాదు సారు" అంటడు, నిజమే గానీ ఇది ట్రాలీ కాదు గదనే! వేరే లేత్ కాడ మళ్ల బోరు చేయించినం, ఆ ఖర్చు మాదే.

టైము గురించి చెప్పకుంటేనే మంచిది. వానాకాలం నాట్లు మొదలైతే కేజ్‌వీల్స్ కోసం ట్రాక్టర్లు లైన్ కడతయ్, మన ఛాసిస్ గోడకు ఆనుకొని తుప్పు పడతది. ఆయన తప్పు అని కూడా అనలేం, రైతు ఆగలేడు.

ఊరి బయట ఖాళీ వెంచర్ రోడ్ల మీద నడిపి చూసినం. గ్యాస్ ఇస్తే బండి ఎడమ దిక్కు సైడ్‌కార్ వైపు గుంజుతది, బ్రేకు కొడితే కుడికి, అది సైడ్‌కార్ గుణం, ఛాసిస్ తప్పు కాదు. ఎడమ మలుపుల సైడ్‌కార్ల ఉండే మా తమ్ముడు బయటికి వేలాడి చక్రాన్ని నేలకు అదిమి పెట్టాలె, కుడి మలుపుల వెనక చక్రం మీదికి రావాలె. గ్యాస్ మార్చకుండ ఒకటే జోరుల చేతులిడిస్తే మాత్రం సక్కగ పోతుంది, ఊగుడు లేదు, గాడి తప్పుడు లేదు, ఆ దారం పనితనం అక్కడ తెలుస్తది.

వెళ్లేటోళ్లు ఫోన్ల ఫోటో చూపెట్టి చెయ్యమనకండి, ఫుల్ సైజు డ్రాయింగ్ ప్లైవుడ్ మీద గీసుకొని పోండి, బుష్షులు, బేరింగ్ సీట్లు లేత్‌ల చేయించి చేతికియ్యండి. రోడ్డు మీద తిప్పుదామనుకుంటే బండి మార్చుడు మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉన్నది, ఆర్టీఓ ఆఫీసు దగ్గర ఒప్పుకోరు. స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ ఊగకుండ ఆపేది) బ్రాకెట్ ఇంకా మిగిలింది మాకు, అది కూడా అక్కడనే వేయిస్తం, నాట్లు అయిపోనియ్యి.