మోంట్‌గోమరీలో రోజా పార్క్స్ జాడలు: ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

అట్లాంటా నుంచి ఐ-85 మీద మోంట్‌గోమరీ సుమారు 160 మైళ్లు. అలబామాలోకి రాగానే టైమ్ ఒక గంట వెనక్కి. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది, గుర్తుంచుకోండి. అసలు చిక్కు మాత్రం రోజు ఎంచుకోవడంలోనే. రోజా పార్క్స్ మ్యూజియానికి ఆదివారం సెలవు, బానిసత్వం నుంచి నేటిదాకా నల్లవాళ్ల చరిత్ర చెప్పే లెగసీ మ్యూజియానికి సోమ, మంగళవారాలు సెలవు. రెండూ చూడాలంటే బుధవారం నుంచి శనివారం లోపే.

మొదట రోజా పార్క్స్ మ్యూజియం. బస్సులో తెల్లాయనకు సీటు ఇవ్వనన్నందుకు 1955 డిసెంబర్ 1న ఈ నల్లజాతి మహిళను అరెస్టు చేసిన చోటే కట్టారు. బస్సు కిటికీల్లో ఆనాటి ఘటన చూపిస్తారు. ఆ బస్సు అసలుది కాదు. అసలైన 2857 నంబరు బస్సు మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఇక్కడ సీట్ల లెక్క జాగ్రత్తగా చూడండి. మొత్తం 36 సీట్లు, ముందున్న పది తెల్లవాళ్లకు. ఆమె కూర్చున్నది ఆ పదింటిలో కాదు, సరిగ్గా వాటి వెనక వరసలో. ఒక్క తెల్లాయన నిలబడ్డాడని డ్రైవరు ఆ వరసలోని నలుగురినీ లేవమన్నాడు; ముగ్గురు లేచారు, ఆమె లేవలేదు. పాపం అలసిపోయిన కుట్టుపనామె అని చెప్పే కథ సగమే. అప్పటికే ఆమె నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు కార్యదర్శి, ఆ వేసవిలోనే టెనెసీలో ఉద్యమకారులకు పాఠాలు చెప్పే హైలాండర్ స్కూల్లో శిక్షణ పొందివచ్చింది.

ఆమె అరెస్టుకు నిరసనగా నల్లవాళ్లు సిటీ బస్సులను బహిష్కరించారు; ఆ ఉద్యమాన్ని నడిపింది మార్టిన్ లూథర్ కింగ్. ఆయన కుటుంబం ఉన్న ఇల్లు సౌత్ జాక్సన్ స్ట్రీట్‌లో ఉంది. 1956 జనవరి 30 నాటి బాంబు గుర్తు వరండాలో ఇప్పటికీ కనిపిస్తుంది. ముందే ఫోన్ చేసి టూర్ ఖాయం చేసుకోండి, లేదంటే బయటి నుంచి చూసి రావడమే.

లెగసీ మ్యూజియానికి మూడు గంటలైనా కేటాయించండి. లోపల ఫొటోలు తీయనివ్వరు. మూకల చేతిలో హతమైన నల్లవాళ్ల కోసం కట్టిన కొండమీది స్మారకం (నేషనల్ మెమోరియల్ ఫర్ పీస్ అండ్ జస్టిస్) ఆరుబయట ఉంటుంది, కాబట్టి ఎండాకాలంలో పొద్దున్నే అక్కడికి వెళ్లి, మ్యూజియం మధ్యాహ్నానికి ఉంచుకోవడం మేలు.

బసకు డౌన్‌టౌన్ మంచిది. చాలా చోట్లకు నడిచి వెళ్లవచ్చు. హైవే పక్క మోటల్స్ చవకే, కానీ ప్రతిదానికీ కారు తీయాలి. శాకాహారులు పులిహోరో, చపాతీలో కట్టుకెళ్తే నిశ్చింత.

కోర్ట్ స్క్వేర్‌లో 2019లో పెట్టిన రోజా పార్క్స్ విగ్రహం దగ్గర అందరూ ఫొటో దిగి వెళ్లిపోతారు. పక్కనున్న గ్రానైట్ గుర్తులనూ చదవండి. తనకు పడ్డ శిక్ష మీద పార్క్స్ వేసిన అప్పీలు రాష్ట్ర కోర్టుల్లో నానుతుందని లాయరు ఫ్రెడ్ గ్రే ఫెడరల్ కోర్టులో వేరే కేసు వేశాడు. 381 రోజుల బస్సు బహిష్కరణ తర్వాత బస్సుల్లో వివక్షను తీసేసింది ఆ కేసే. ఆ గ్రానైట్ మీదున్న పేర్లు ఆ కేసులో వాదులైన నలుగురు మహిళలవి: బ్రౌడర్, కాల్విన్, మెక్‌డొనాల్డ్, స్మిత్.