అరగంటలో ఎందరిని చేరతాం? బస్సు సౌకర్యానికి ఏ లెక్క మేలు?

విశాఖలో ఇల్లు మారాలనుకునేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: ఏ పేటకు బస్సు సౌకర్యం బాగుంది? బాగుందని దేన్ని బట్టి చెప్పాలన్నదే అసలు పేచీ.

అందరికీ తెలిసిన లెక్క స్టాపు దూరం. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 11.2.1 సూచిక ఇదే. బస్సు స్టాపు 500 మీటర్లలోపు, మెట్రో, రైలు లాంటివైతే కిలోమీటరులోపు ఉంటే సౌకర్యం ఉన్నట్టే. పటం, జనాభా లెక్కలు ఉంటే చాలు, తేలిపోతుంది. కానీ ఆ 500 మీటర్లు నడవడానికే ఆరు నిమిషాలు. ఇరవై నిమిషాలకో బస్సు అనుకుంటే సగటున పది నిమిషాలు నిలబడాలి. దిగాక మరో నాలుగు నిమిషాల నడక. అరగంటలో మిగిలేది పది నిమిషాల ప్రయాణం, మహా అయితే మూడు కిలోమీటర్లు. ఈ నిరీక్షణ ఆ సూచికకు పట్టదు.

రెండో పద్ధతి అరగంటలో ఎంతమందిని చేరగలమో నేరుగా లెక్కపెడుతుంది. నడక, ఎదురుచూపు అన్నీ అందులోనే. స్టాపు దూరం కంటే ఎన్నో రెట్లు నయం. చిక్కల్లా మన సముద్రంతోనే. ఆర్కే బీచ్ నుంచి 7.5 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే 177 చదరపు కిలోమీటర్లు వస్తుంది, దాదాపు సగం నీళ్లే. ఎన్ఏడీ కూడలి నుంచి గీస్తే చాలావరకు నేలే. రెండు చోట్లా బస్సులు ఒకేలా నడిచినా బీచ్ వెనకబడుతుంది. అలలకు ఆర్టీసీని తప్పుపట్టడమేమి న్యాయం?

నేను మొగ్గేది మూడోదానికి. యూరోపియన్ కమిషన్ పరిశోధకులు అక్కడి నగరాలకు వాడిన పద్ధతి ఇది. అరగంటలో చేరగల జనాన్ని 7.5 కిలోమీటర్ల లోపు నివసించే మొత్తం జనంతో భాగించి శాతం చెబుతారు. సముద్రంలో ఎవరూ ఉండరు కనుక అది హారంలోకి రాదు. హార్బరుకు అవతల, కొండ వెనక తీరాన ఉన్న యారాడ సంగతి చూడండి. నేరుగా గీత గీస్తే పాతనగరం ఆరు కిలోమీటర్లలోపే, రోడ్డున రావాలంటే కొండ దిగి, సింధియా మీదుగా హార్బరును చుట్టాలి. రెండో లెక్కలో యారాడకు తక్కువ జనమే అందుతారని తేలుతుంది, కారణం సముద్రమో దారో తెలియదు. మూడోదానిలో పాతనగరం జనమంతా హారంలో ఉంటారు, అరగంటలో మాత్రం వాళ్లను చేరలేం. లోటు దారిదేనని అప్పుడు బయటపడుతుంది.

గంటకు ఎన్ని బస్సులన్న లెక్కా ఒకటుంది, అవి ఎక్కడికి పోతాయో చెప్పదు కనుక వదిలేద్దాం. ఛార్జీ సంగతి వీటిలో దేనికీ పట్టదు. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో మహిళలకు ఉచితమైనా ఈ అంకెల్లో ఏమీ మారదు.

శాతానికీ ఒక లోపముంది. చుట్టూ జనం పలచగా ఉన్న భీమిలి లాంటి చోట కాస్త సౌకర్యంతోనే అది పెరిగిపోవచ్చు. రోజూ 900కె ఎక్కి నగరానికి వచ్చేవాళ్లకు అది ఏ మూలకు? అందుకే శాతం పక్కన అరగంటలో అందే జనం సంఖ్య కూడా చూడమంటాను. ఒక్కటే చాలంటే మాత్రం శాతమే.