పాలీయురెథేన్ రెజిన్: విశాఖ గాలిలో కొన్నేళ్లు వాడాక

ఈ రెజిన్ మీద నా కోపమంతా ఒక్క విషయం గురించే. దీనికి తేమ గిట్టదు. నేనుండేది విశాఖలో, సముద్రపు గాలి నేరుగా కిటికీలోంచి వచ్చి పడే ఇంట్లో. ఉదయం ఆరిన తువ్వాలు సాయంత్రానికి మళ్లీ చెమ్మగిల్లే ఊరు ఇది. ఇలాంటి చోట కూర్చుని 1/1250 స్కేలులో ఓడల నమూనాలు పోతపోసేవాడిని, రెండు ద్రవాలు కలిపితే గట్టి ప్లాస్టిక్‌గా మారే ఈ రెండు సీసాల రెజిన్ ఎంత సంతోషపెడుతుందో అంత ఏడిపిస్తుంది. ఏ సీసా, బీ సీసా సమపాళ్లలో కలపడం, మూడు నిమిషాల్లో పోసేయడం, అరగంటలో అచ్చు విప్పడం డబ్బా మీదే రాసి ఉంటాయి. వాడేవాళ్లకు అవి తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

ముందు నేనేం కడతానో చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. 1971 డిసెంబరు నాటి మన తూర్పు నౌకాదళాన్ని ఒక బల్ల మీద నిలబెట్టాలని నా కోరిక. విశాఖలో పెరిగినవాళ్లకు ఆ యుద్ధం ఇంటి ముందు జరిగిన సంగతి. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా తీరానికి దగ్గర్లోనే. బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ముందు నుంచి రోజూ వెళ్తుంటాం. ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. 4వ తేదీ నుంచి దాని మీది సీ హాక్, అలీజే విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడులకు లేచాయి. వెంట ఉన్నవి బ్రహ్మపుత్ర, బియాస్, కమోర్తా, కవరత్తి.

పోత ఎందుకు అవసరమో ఈ పేర్లలోనే ఉంది. బ్రహ్మపుత్ర, బియాస్ రెండూ లెపర్డ్ తరగతి ఫ్రిగేట్లు (ఒక రకం యుద్ధనౌకలు). కమోర్తా, కవరత్తి రెండూ సోవియట్ పెట్యా తరగతివి. తరగతికి ఒక్క మాస్టర్, అంటే మూల నమూనా, చెక్కి అచ్చు తీస్తే రెండేసి ఓడలు వస్తాయి. విక్రాంత్ డెక్ మీదికైతే విమానాలు గుంపుగా కావాలి. 213 మీటర్ల విక్రాంత్ ఈ స్కేలులో 17 సెంటీమీటర్లు. లెపర్డ్ ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు, పెట్యా ఆరున్నర. సీ హాక్ రెక్కల చివర నుంచి చివరకు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. దాన్ని ఒక్కొక్కటిగా చెక్కుతూ కూర్చుంటే జీవితం చాలదు, కళ్లు అసలే చాలవు.

మాస్టర్ పని త్వరగా చెప్పేస్తాను. పలచని స్టైరీన్ ప్లాస్టిక్ షీట్లను పొరలుగా అతికి, నీటిగీత పైభాగాన్ని మాత్రమే చెక్కుతాను. కొన్ని పోతకు లొంగవు. లెపర్డ్ మీది 4.5 అంగుళాల ఫిరంగి గొట్టం ఈ కొలతలో నాలుగు మిల్లీమీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు కూడా లావుండదు. అది అచ్చులోనే విరిగిపోతుంది. ఫిరంగి గోపురాన్ని (టరెట్) రెజిన్‌లో పోసి, గొట్టాలకు ఇత్తడి తీగ పెట్టుకోవాలి. ఓడ స్తంభాలకూ (మాస్ట్‌లకు) అంతే.

అచ్చుకు నేను వాడేది తగరం ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికోన్ రబ్బరు. నూరు గ్రాములకు మూడు గ్రాముల హార్డెనర్. మాస్టర్ మీద ఎమరీ కాగితం గీత ఒక్కటి మిగిలినా దాన్నీ పట్టుకుంటుంది. ఈ రకం రబ్బరు గట్టిపడటానికి కాస్త తేమ ఉండాలి కూడా. అంటే మా ఊరి గాలి దీనికి చుట్టం. వేడీ తేమా కలిసొచ్చే ఆగస్టులో పోసిన అచ్చు, జనవరిలో పోసినదానికంటే ముందే విప్పడానికి వస్తుంది. అదే గదిలో, అదే బల్ల మీద, అదే గాలి పక్కనున్న రెజిన్ సీసాను పాడుచేస్తుంది. ఇంతకాలమైనా నాకు మింగుడుపడనిది ఇదే.

మొదటి సీసాలు కొన్నప్పుడు నాకు ఈ రెజిన్ మీద ఫిర్యాదే లేదు. తెలిసినవాళ్లందరికీ కొనమని చెప్పాను. వేసవిలో తెరిచాను, పోసిన ప్రతి పొట్టూ, అంటే ఓడ మొండెం (హల్), గాజులా నున్నగా వచ్చింది. పెట్యా బ్రిడ్జి (ఓడను నడిపే గది) కిటికీల గీతలు కూడా దిగాయి. ఆ వేసవంతా అది నా చేతికి దొరికిన వరమనే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాటనే తిరగరాస్తే, కొత్తగా తెరిచిన సీసా వరమే అని రాస్తాను.

అక్టోబరులో వానలు పడుతున్నప్పుడు విక్రాంత్ పొట్టు పోశాను. మూతలు బిగించి, సీసాలను కప్‌బోర్డులోనే ఉంచాను. తూకం 0.01 గ్రాము దాకా చూపే కాటా మీద వేశాను. పోసి ప్రెషర్ పాట్‌లో, అంటే లోపల గాలి ఒత్తిడి ఎక్కించే మూత బిగించిన పాత్రలో, పెట్టి 40 పి.ఎస్.ఐ. ఒత్తిడి ఎక్కించాను. ఆ ఒత్తిడికి బుడగ పరిమాణం పావు వంతుకు కాస్త పైన ఆగుతుంది, కొంత గాలి రెజిన్‌లోనే కరిగిపోతుంది, కంటికి కనిపించదు. డబ్బా మీద చెప్పిన సమయం కంటే ఎక్కువసేపే ఉంచి, ఒత్తిడి దించి, అచ్చు విప్పాను. పొట్టు చక్కగా ఉంది. ఒక్క బుడగ లేదు. ఫ్లైట్ డెక్ అద్దంలా ఉంది. ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే కిటికీ దగ్గర పెట్టి పొంగిపోయాను.

సాయంత్రం డెక్ మీద గీతలు వేద్దామని స్టీలు స్కేలు ఆనించాను. స్కేలు ఊగింది. రెండు చివర్లా ఖాళీ, నడుమ ఆనుకుంటోంది. స్కేలు వంగిందేమోనని గాజుపలక మీద పెట్టి చూశాను, స్కేలు బాగానే ఉంది. పొట్టును తిప్పి అడుగు చూస్తే అదీ ఉబ్బింది. వెర్నియర్‌తో కొలిస్తే నడుమ దాదాపు అర మిల్లీమీటరు ఎక్కువ. అసలు ఓడ మీద అది అరవై సెంటీమీటర్లకు పైన లేచిన దిమ్మ. విమానం దిగే డెక్ కదా! పైగా నేను కట్టేది 1971 నాటి విక్రాంత్. ముక్కు దగ్గర పైకి వంగిన స్కీ జంప్ 1980లలో సీ హారియర్ విమానాల కోసం వచ్చింది. నా ఓడకు డెక్ చదునుగా ఉండటమే ప్రాణం.

రాత్రికి ఇంకొంచెం పెరిగినట్టు తోచి, రంపంతో నడిమికి కోసేశాను. పైన ఒక మిల్లీమీటరు మందాన గట్టి చర్మం, దాని కింద పులిసిన పిండితో వేసిన దిబ్బరొట్టె లోపల ఉన్నట్టు సన్నసన్నని గుల్ల. రెజిన్‌లో ఒక సీసాలో ఉండేది ఐసోసయనేట్. దానికి నీరు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పాలీయురెథేన్ నురుగు పరుపులు తయారుచేసేది ఈ చర్యతోనే. రెండో సీసాలోని పాలియాల్ గాలిలోని తేమను మెల్లగా పీల్చుకునే రకం. ఆ వేసవిలో మూత తీసిన ప్రతిసారీ సీసాలోకి కొంత విశాఖ గాలి వెళ్లింది. వాడేకొద్దీ ద్రవం తగ్గి, దాని మీద గాలి ఉండే చోటు పెరిగింది. వానాకాలం వచ్చేసరికి అది చాలినంత తాగేసింది.

నన్ను బాగా బాధపెట్టింది ప్రెషర్ పాట్ ఆ లోపాన్ని దాచిపెట్టిన తీరు. మామూలుగా గాలిలో పోస్తే రెజిన్ అప్పుడే నురగ కట్టి చెప్పేసేది, రెండు గ్రాములు పోగొట్టుకుని ఊరుకునేవాణ్ణి. పాట్‌లో ఒత్తిడి ఆ వాయువును నొక్కిపెట్టింది. బయటికి తీసేటప్పటికి రెజిన్ పైకి గట్టిపడింది కానీ లోపల ఇంకా వెచ్చగా, మెత్తగా ఉంది. ఒత్తిడి పోగానే నొక్కిన వాయువు మెల్లగా విచ్చుకుంది. అమ్మిన దుకాణానికి రాస్తే “మూత గట్టిగా బిగించి, చల్లని పొడి చోట ఉంచండి” అని డబ్బా మీది మాటనే తిరిగి పంపారు. మా వీధిలో పొడి చోటు ఎక్కడుందో వాళ్లే వచ్చి చూపించాలి.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. పెద్ద సీసాలు మానేసి, కిలోకు ఎక్కువ పడినా అరకిలో సెట్లే కొంటున్నాను. తెరిచిన రోజే చిన్న గాజు సీసాల్లోకి అంచుల దాకా నింపి పంచేస్తాను. లోపల గాలికి చోటు ఎంత తక్కువైతే అంత మంచిది. పోసే ముందు అచ్చులను అరవై డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచుతాను, రబ్బరు కూడా తేమను పట్టుకుంటుంది కనుక. ఈ ఓవెన్ ఈ పనికే వేరుగా పెట్టుకున్నది, వంటింటిది కాదు. కంప్రెసర్‌కు నీటిని పట్టే ట్రాప్ బిగించాను. అది లేకుండా వానాకాలంలో పాట్‌లోకి ఎక్కేది సగం ఆవిరే. ఏ కొత్త రోజైనా పని మొదలుపెట్టే ముందు రెండు గ్రాములు కలిపి, పాట్‌లో పెట్టకుండా బయటే గట్టిపడనిస్తాను. నురగ వచ్చిందా, ఆ రోజు ఓడల జోలికి వెళ్లను.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది పెట్రోల్ బంకులో దొరికింది. అక్కడ కార్ల టైర్లకు నింపే నైట్రోజన్ పొడిగా ఉంటుంది. పాత స్కూటర్ ట్యూబును కడిగి ఆరబెట్టి, తీసుకెళ్లి నింపించుకున్నాను. నింపే కుర్రాడు “చక్రం ఏది సార్?” అన్నాడు. ఇంటికొచ్చి, వాల్వుకు సన్నని గొట్టం తగిలించి, మూత పెట్టే ముందు ప్రతి సీసాలోకీ కాసేపు ఊదుతాను. సీసాలో తడి గాలి పోయి పొడి వాయువు నిలుస్తుంది. ఇది ఇంత బాగా పనిచేస్తుందని నేను అనుకోలేదు. ఇలా దాచిన సీసా వానాకాలం దాటి కూడా నురగ లేకుండా పోతకు వచ్చింది. ఐసోసయనేట్ సీసా మూత చుట్టూ కట్టే తెల్లని పెచ్చు కూడా చాలావరకు ఆగిపోయింది. ఈ ఒక్క ఉపాయం తెలియకపోతే రెజిన్ మానేసేవాణ్ణి.

మిగతావి చిన్న చిన్న సవరణలు. అరగంటలో అచ్చు విప్పవచ్చన్న మాట విక్రాంత్ పొట్టు లాంటి యాభై గ్రాముల ముద్దకు నిజం. రెజిన్ తన వేడితోనే గట్టిపడుతుంది. గ్రాము కూడా లేని సీ హాక్‌లో ఆ వేడి పుట్టదు. అచ్చును ముందే వెచ్చబెట్టి పోసి, రాత్రంతా వదిలేసినా అలీజే రెక్కలు ఒక్కోసారి రబ్బరులా వంగుతాయి. రెక్కల చివర్లలో గాలి చిక్కుకోకుండా అచ్చులో కాస్త టాల్కం పౌడరు చల్లి దులపాలి, పౌడరు మూలల్లోకి రెజిన్‌ను లాగుతుంది. పాట్‌లో పోయాలనుకుంటే అచ్చును కూడా అదే ఒత్తిడిలో పోసుకోవాలి. బయట పోసిన రబ్బరులో ఇరుక్కున్న బుడగలు తర్వాత ఒత్తిడికి నలిగి, ఓడ మీద మొటిమలుగా తేలతాయి. నేను పొగిడిన ఆ సిలికోన్ కూడా కాలక్రమంలో కుంచించుకుపోతుంది, అంచులు పెళుసెక్కి చిరుగుతాయి. నాలుగైదేళ్ల అచ్చును నమ్మి పోసిన రెండో బియాస్ మొదటిదాని పక్కన పెడితే పొట్టిగా కనిపిస్తోంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పాట్ బదులు వంటింటి కుక్కర్ వాడమని చెప్పేవాళ్ల మాట వినొద్దు. దాని వెయిట్ దాదాపు 15 పి.ఎస్.ఐ. దగ్గరే లేస్తుంది, అది 40కి చేసింది కాదు. పెయింట్ పనికి వాడే, ఒత్తిడి హద్దు రాసి ఉన్న ట్యాంకు, పనిచేసే సేఫ్టీ వాల్వు ఉండాలి. ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు ఒకసారి గిట్టకుండా పోతే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఆస్తమాలా పట్టుకోవచ్చు. ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఎండిన రెజిన్‌ను తడిపి రుద్దండి, ఆ దుమ్ము పీల్చవద్దు.

కొనాలా అంటే, మీరుండే ఊరు చూసుకోండి. హైదరాబాదులో ఉండే మిత్రుడొకడు ఇదే రెజిన్‌ను ఏ జాగ్రత్తా లేకుండా ఏడాది పొడవునా వాడుతున్నాడు, నా గోల విని ఆశ్చర్యపోతాడు. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉండి, ఏసీ గది లేక, నెలకు రెండు మూడు చిన్న ఓడలు మాత్రమే పోసేవాళ్లయితే ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ ఆలోచించండి. రోజంతా గట్టిపడదు, పైన జిగట పొర రావచ్చు, కానీ ఇలా ఉబ్బదు. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లకు విమానాల కోసం పోత అవసరమే తగ్గిపోయింది. నాకు మాత్రం చేత్తో చెక్కిన మాస్టర్ నుంచి అదే ఓడ రెండోసారి బయటికి వచ్చే ఆ క్షణం కావాలి. దానికి ఈ రెజిన్ అంత వేగంగా, అంత వివరంగా ఇచ్చేది నా చేతికి ఇంకొకటి దొరకలేదు. అందుకని వాడుతూనే ఉన్నాను. లెపర్డ్ తరగతిలో మూడోదైన బెట్వా ఇంకా పోయాలి. దానికి ముందు కొత్త అచ్చు తీయాలి, అది ఈ వానల్లోనే చేసుకోవచ్చు. రెజిన్ మాత్రం డిసెంబరు వచ్చాకే కొంటాను, అదీ అరకిలో సెట్టే.